బెంగుళూరు నాగరత్నమ్మ

బెంగుళూరు నాగరత్నమ్మ (నవంబరు 3, 1878 - మే 19, 1952) సుప్రసిద్ధ కర్ణాటక సంగీత విద్వాంసురాలు, హరికథా కళాకారిణి, గ్రంథ సంపాదకురాలు. తిరువయ్యూరులో శిథిలావస్థలో ఉన్న త్యాగరాజస్వామి సమాధికి సొంత సొమ్ముతో మందిరం కట్టించిన భక్తురాలిగా సంగీత లోకానికి, ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించిన విదుషిగా తెలుగు సాహిత్య లోకానికి ఈమె చిరస్మరణీయురాలు. ఈ రెండు కార్యాలలోనూ ఆమెకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. పురుషులకు తగినది స్త్రీలకు ఎందుకు తగదు అన్నదే ఆ ప్రశ్న.

బాల్యం

నాగరత్నమ్మ మైసూరు సంస్థానంలో కపిలా నదీతీరాన ఉన్న నంజనగూడులో జన్మించింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కుటుంబానికి చెందినది. తండ్రి సుబ్బారావు న్యాయవాది. బిడ్డ పసితనంలోనే ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టాడు. దిక్కులేని స్థితిలో పుట్టలక్ష్మి మైసూరు చేరి, గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుని ఆశ్రయం పొందింది. ఆయన వద్ద బాలికకు సంస్కృతమూ, సంగీతమూ పట్టుబడ్డాయి. అసాధారణమైన ధారణాశక్తి ఉండటం చేత చిన్నతనంలోనే ఆమె పాండిత్యం పెద్దలను ఆశ్చర్యపరచింది.

కొంతకాలానికి తిమ్మయ్యకు, వారికి మధ్య విభేదాలు వచ్చాయి. కుమార్తెను గొప్ప విదుషిగా తీర్చిదిద్ది, అందరి గౌరవానికీ పాత్రురాలిని చేయాలనే పట్టుదలతో పుట్టలక్ష్మి మైసూరు వదలిపెట్టింది. చివరకు వారికి బెంగుళూరులో నిలువనీడ దొరికింది. అక్కడ బంధువైన వాయులీన విద్వాంసుడు వెంకటస్వామప్ప వారికి అండగా నిలిచాడు.

సంగీత శిక్షణ

బెంగుళూరులో నాగరత్నమ్మ మునిస్వామప్ప వద్ద సంగీతం అభ్యసించింది. ఈయన వాలాజాపేట శిష్యపరంపరకు చెందినవాడు. త్యాగరాజు కృతులను భద్రపరచి తరువాతి తరాలకు అందించిన ముఖ్యమైన పరంపరలలో ఇది ఒకటి. త్యాగరాజ సంప్రదాయంతో ఆమెకు ఏర్పడిన బంధానికి ఇక్కడే బీజం పడింది. సంగీతంతో పాటు నాట్యం, కన్నడం, తెలుగు, సంస్కృతం కూడా నేర్చుకొన్నది. తరువాతి కాలంలో మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పను కూడా గురువుగా భావించింది.

తల్లి ఈ కృషి ఫలాన్ని పూర్తిగా చూడలేదు. నాగరత్నమ్మకు సుమారు పదునాలుగేళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. ఆ తరువాత కొద్ది కాలానికే నాగరత్నమ్మ పండిత సభలో తొలి ప్రదర్శన ఇచ్చింది. త్వరలోనే మైసూరు ఆస్థానంలో కూడా ఆమె విద్యకు ఆదరణ లభించింది.

మద్రాసు జీవితం

మైసూరులో న్యాయమూర్తిగా ఉన్న నరహరిరావు నాగరత్నమ్మను పోషించి ప్రోత్సహించాడు. కొంతకాలం తరువాత ఆమె తన నివాసాన్ని మద్రాసుకు మార్చుకొన్నది. ఆ రోజులలో దక్షిణదేశంలో సంగీతానికి మద్రాసు ప్రధాన కేంద్రంగా ఎదుగుతున్నది. సంగీత కుటుంబాలు అనేకం జార్జిటౌను ప్రాంతంలో నివసించేవి. సుప్రసిద్ధ వైణికురాలు వీణ ధనమ్మాళ్ కూడా అక్కడే ఉండేది.

నాగరత్నమ్మ కచేరీలకు విశేషమైన ఆదరణ ఉండేది. దక్షిణదేశమంతటా పర్యటించి వెయ్యికి పైగా కచేరీలు చేసింది. ఆమె కంఠం గంభీరంగా ఉండేదని, యదుకులకాంభోజి రాగాలాపనకు ఆమె పెట్టింది పేరని చెబుతారు. హరికథలు కూడా చెప్పేది. గ్రామఫోను రికార్డులు కొత్తగా వస్తున్న కాలంలోనే ఆమె పాటలు రికార్డులుగా వెలువడ్డాయి. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణి ఆమేనని ప్రతీతి. ఈ విధంగా కళ ద్వారా స్వయంగా ఆర్జించిన ధనమే ఆమె తరువాతి కార్యాలన్నిటికీ ఆధారమైంది.

రాధికా సాంత్వనము

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరును పాలించిన ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన కవయిత్రి. ఆమె కూడా దేవదాసియే. రాధికా సాంత్వనము నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం. తాను పెంచిన ఇళను రాధ స్వయంగా కృష్ణునికిచ్చి పెండ్లి చేస్తుంది. ఆపై విరహంతోనూ, అసూయతోనూ బాధపడుతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చడమే కథ. స్త్రీ మనసులోని కోరికను, కోపాన్ని స్త్రీయే నిస్సంకోచంగా చెప్పడం ఈ కావ్యం ప్రత్యేకత.

తంజావూరు నాటి సాహిత్యం గురించి చదువుతున్నపుడు నాగరత్నమ్మకు ఈ కావ్యం ప్రస్తావన కనిపించింది. వెదకగా 1887లో పైడిపాటి వెంకటనరుసు ప్రకటించిన ముద్రణ దొరికింది. తరువాత లభించిన వ్రాతప్రతితో పోల్చి చూడగా, ముద్రిత గ్రంథంలో కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకొన్న భాగమూ, కొన్ని పద్యాలూ లోపించినట్లు ఆమె గుర్తించింది. అంటే కావ్యంలో నుండి కవయిత్రి ఉనికినే తొలగించారన్నమాట. నాగరత్నమ్మ రెండు ప్రతులను సరిచూచి, లోపించిన భాగాలను చేర్చి, పీఠికతో సహా 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురింపజేసింది.

కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని అంగీకరిస్తూనే, కావ్యంలోని శృంగారం స్త్రీ నోట రాదగినది కాదని తీవ్రంగా విమర్శించాడు. నాగరత్నమ్మ తన పీఠికలో దీనికి సమాధానం చెప్పింది. సిగ్గు అనేది స్త్రీలకే గాని పురుషులకు లేదా అని ప్రశ్నించింది. అంతకంటె ఎక్కువ శృంగారమున్న పురుషుల కావ్యాలను పంతులుగారే పరిష్కరించి ఆమోదించిన సంగతి గుర్తుచేస్తూ, సారంగు తమ్మయ్య రచించిన వైజయంతీ విలాసమును ఉదాహరణగా చూపింది. స్త్రీవిద్య కోసం, వితంతు వివాహాల కోసం పోరాడిన మహానుభావుని ఒక దేవదాసి ఇలా ఎదిరించడం ఆనాడు సామాన్య విషయం కాదు.

పుస్తకం అశ్లీలమన్న ఫిర్యాదులు రావడంతో 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొన్నది. పండితులు, ప్రచురణకర్తలు విజ్ఞప్తులు చేసినా నిషేధం తొలగలేదు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి గాని ఆ పరిస్థితి మారలేదు. మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో ఈ కావ్యంతో పాటు మరికొన్ని శృంగార కావ్యాలపై కూడా నిషేధం తొలగింది. వావిళ్ల వారు 1952లో దీనిని మరల ముద్రించారు. నాగరత్నమ్మ మరణించినదీ ఆ సంవత్సరమే.

దేవదాసీల చట్టంపై వాదం

1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి నిర్మూలన కోసం ప్రయత్నం ఆరంభించింది. ఆమె తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుండి వచ్చినదే. మద్రాసులోని దేవదాసీలు ఒక సంఘంగా ఏర్పడి ఈ ప్రయత్నాన్ని వ్యతిరేకించారు. వారికి నాగరత్నమ్మ అండగా నిలిచింది. దేవదాసీలను వేశ్యలతో సమానంగా చూడటం అన్యాయమని, తమకు ఉన్న ఆస్తిహక్కులూ, కళలూ దీనివల్ల నశిస్తాయని, చట్టానికి బదులు తమ పిల్లలకు మంచి విద్య చెప్పించాలని వారు వాదించారు. బాలికలను దేవాలయాలకు అర్పించడం వల్ల జరుగుతున్న దోపిడీని ఆపాలన్నది ముత్తులక్ష్మీ రెడ్డి ఆశయం. చివరకు 1947లో మద్రాసు రాష్ట్రంలో ఈ పద్ధతిని నిషేధించే చట్టం వచ్చింది. ఒకే నేపథ్యం నుండి వచ్చిన ఇద్దరు ప్రతిభావంతులు స్త్రీల మేలు కోరుతూనే ఎదురెదురుగా నిలబడటం గమనించదగినది.

త్యాగరాజ సమాధి

త్యాగరాజు 1847లో పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యూరులో సిద్ధి పొందాడు. కావేరి ఒడ్డున ఆయన సమాధి చాలాకాలం ఆదరణ లేక మరుగున పడింది. 20వ శతాబ్దం మొదట్లో ఆయన శిష్యులైన ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సమాధిని బాగుచేయించి శిలాఫలకం పెట్టించారు. తరువాత విద్వాంసులు ఏటేటా ఆరాధన జరపసాగారు. కాని త్వరలోనే వారిలో చీలిక వచ్చి పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు వర్గాలయ్యాయి. ఆరాధన వైభవంగానే జరిగేది గాని సమాధి మాత్రం మళ్ళీ పాడుబడింది.

ఈ దుస్థితిని తెలుపుతూ బిడారం కృష్ణప్ప నాగరత్నమ్మకు జాబు వ్రాశాడు. త్యాగరాజస్వామి ఆమెకు కలలో కనిపించాడని కూడా ప్రతీతి. ఆమె తిరువయ్యూరు వెళ్ళి, ముళ్ళపొదల మధ్య ఉన్న సమాధిని చూచి చలించిపోయింది. స్థలాన్ని సంపాదించి 1921లో మందిర నిర్మాణానికి పూనుకొన్నది. ఇందుకోసం నగలు, ఆస్తులు అమ్మివేసింది. కచేరీల రాబడిని కూడా దీనికే వినియోగించింది. కొన్నేళ్ళకు మందిరం పూర్తయి, త్యాగరాజస్వామి విగ్రహప్రతిష్ఠ జరిగింది. నిత్యపూజకు కూడా ఆమె ఏర్పాట్లు చేసింది.

స్త్రీల ఆరాధన

మందిరం కట్టించినది నాగరత్నమ్మయే అయినా, ఆరాధనలో పాడే అవకాశం మాత్రం ఆమెకు దక్కలేదు. రెండు కక్షులూ పురుషులవే. సమాధి ముందు హరికథ చెప్పడానికి అనుమతి కోరగా నిర్వాహకులు నిరాకరించారు. అందుకు ఆమె నిరుత్సాహపడలేదు. ఇతర కళాకారిణులను కూడగట్టి, 1927 నుండి సమాధి వెనుకభాగంలో వేరుగా ఆరాధన ప్రారంభించింది. దీనికి స్త్రీల కక్షి అని పేరు వచ్చింది. ముందువైపు పురుషులు, వెనుకవైపు స్త్రీలు ఒకే త్యాగరాజును పాడి కొలిచే పరిస్థితి పదేళ్ళకు పైగా సాగింది.

1940 - 41 ప్రాంతంలో ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి, కొందరు ప్రముఖ విద్వాంసులు పూనుకొని మూడు వర్గాలనూ ఏకం చేశారు. స్త్రీలకు ప్రవేశం ఉండటమే ఈ ఐక్యతలో నాగరత్నమ్మకు దక్కిన విజయం. త్యాగరాజు ఘనరాగ పంచరత్న కృతులను (నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు) అందరూ కలసి బృందంగా పాడే ఆచారం కూడా ఈ సమైక్య ఆరాధనలలోనే స్థిరపడింది. ఆనాటి నుండి విద్వాంసులు, విదుషీమణులు ఎదురెదురుగా కూర్చుండి పాడే ఈ దృశ్యం తిరువయ్యూరు ఆరాధనకు గుర్తుగా నిలిచిపోయింది. తెలుగు కృతులను తమిళదేశంలో కావేరి ఒడ్డున వేలమంది వినే ఆ సభ ఏర్పడటంలో ఈమె పాత్ర చాలా పెద్దది.

చివరి దశ

నాగరత్నమ్మ తన చివరి సంవత్సరాలను తిరువయ్యూరులోనే, స్వామి సన్నిధిలో గడిపింది. తన ఆస్తిని మందిర నిర్వహణకు వినియోగించాలని, స్త్రీపురుష భేదం లేకుండా కళాకారులందరికీ అక్కడ సేవ చేసుకొనే అవకాశం ఉండాలని వీలునామా వ్రాసింది. ఆమె పేర ఏర్పడిన విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ ట్రస్టు ఈ బాధ్యత వహించింది. ఆమె 1952 మే 19న మరణించింది. త్యాగరాజస్వామి సమాధికి సమీపంలోనే ఆమెను సమాధి చేశారు. అక్కడ చేతులు జోడించి స్వామివైపు చూస్తూ కూర్చున్న ఆమె విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఒకనాడు ముందు నిలబడి పాడటానికి అనుమతి లేని స్త్రీ, శాశ్వతంగా ఆ సన్నిధికి అభిముఖంగా నిలిచింది.

విశేషాలు

విద్యాసుందరి, త్యాగసేవాసక్త అనేవి ఆమెకు లభించిన బిరుదులు.

సంస్కృతంలో శ్రీ త్యాగరాజ అష్టోత్తర శతనామావళిని రచించింది. త్యాగరాజస్వామి పూజలో దీనికి స్థానం ఉంది.

మద్యపానం వలన కలిగే అనర్థాల గురించి తెలుగులో ఒక పుస్తకం వ్రాసింది.

కన్నడదేశంలో పుట్టి, తమిళదేశంలో జీవించి, తెలుగు కావ్యాన్నీ తెలుగు వాగ్గేయకారుని స్మృతినీ కాపాడిన వ్యక్తిగా ఆమె దక్షిణ భారతీయుల సాంస్కృతిక ఐక్యతకు ప్రతీకగా నిలుస్తుంది.