డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలో ద్రాక్షారామము ప్రసిద్ధమైన శైవక్షేత్రము. రామచంద్రపురమునకు చేరువనున్న ఈ గ్రామమున భీమేశ్వరస్వామి వెలసియున్నాడు. తారకాసురుని కంఠమునందలి అమృతలింగము ఐదు ముక్కలై ఐదు చోట్ల పడెననియు, అవియే పంచారామములైనవనియు పెద్దలు చెప్పుదురు. ద్రాక్షారామము వానిలో నొకటి. మరియొకటి భీమవరమునందలి సోమారామము. ఆ భీమవరములోనే పుట్టిన యొక బాలుడు పెరిగి పెద్దవాడై, కోట్లకొలది జనుల ప్రాణములను నిలుపు మందులను ప్రయోగశాలలో వెలికితీయించెను. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. బాలునకు మొదట చదువుపై శ్రద్ధ లేకుండెను. పదుమూడేండ్ల వయసున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచెను. తల్లి ఆయనను వెనుకకు రప్పించి బడికి పంపెను. తండ్రి మరణించిన పిమ్మట ఆమె తన నగలు అమ్మి కుమారుని చదివించెను. రాజమహేంద్రవరమున చదివి, రెండుసార్లు తప్పి, తుదకు చెన్నపట్టణమున హిందూ ఉన్నత పాఠశాలనుండి సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. సన్యసింపవలెనని ఆయనకు కోరిక కలిగెను. తల్లి అందులకు సమ్మతింపలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవచేయుటయు భగవత్సేవయే యని రామకృష్ణ మఠమువారు హితవు చెప్పగా, ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను.

ఆ దినములలోనే సుబ్బారావునకు తీరని దుఃఖము సంభవించెను. ఆయన సోదరు లిరువురు కొద్ది దినముల తేడాలో స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. ఈ వ్యాధి సోకినవానికి తిన్న ఆహారము వంటబట్టదు, రక్తము క్షీణించును, శరీరము ఎండిపోవును. సుబ్బారావునకును ఈ జబ్బు సోకెను. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన కోలుకొనెను. ఈ వ్యాధికి మందు కనుగొనవలెనను తలంపు నాటినుండియు ఆయనను విడువలేదు.

కళాశాలలో సుబ్బారావు ఖద్దరు ధరించెను. అందువలన పైవారి ఆగ్రహమునకు గురియై, చదువు ముగిసిన పిమ్మట తక్కువ స్థాయి పట్టము మాత్రమే పొందెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు ఆయనకు తోడ్పడిరి. భార్య శేషగిరి స్వదేశముననే యుండెను. ఆయన వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. సుబ్బారావు మరల స్వదేశమునకు రాలేదు.

బోస్టనులో ఆయన రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగుచు, పగలు చదువుకొనెను. తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసెను. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టీ.పీ. అను పదార్థములనుగూర్చిన వారి కృషి జీవరసాయనశాస్త్రమునకు గొప్ప మేలు చేసెను.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనకు అధిపతి యయ్యెను. పశువుల కాలేయమునందు రక్తహీనతను పోగొట్టు పదార్థము కొంచెముగా నుండునని ఆనాటి వైద్యులెరుగుదురు. కాని దానిని మిగిలినవానినుండి వేరుచేయుట మిగుల కష్టము. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. అది మద్యసారమున కరగదు. పలుచని క్షారజలమున కరగును. ఇట్టి గుణములను ఒక్కొక్కటిగా కనిపెట్టి, సుబ్బారావు బృందమువారు దానిని శుద్ధిచేసి, 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. ఆ మందు పుచ్చుకొన్న స్ప్రూ రోగులు కోలుకొనిరి. తన సోదరులకు దొరకని మందు ఇతరుల సోదరులకైనను దొరకెను.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము ముదిరెను. బూజునుండి పుట్టు పెన్సిలిను అను మందును పెద్దయెత్తున తయారుచేయుటకై 1941 అక్టోబరులో వాషింగ్టనులో జరిగిన సమావేశమునకు సుబ్బారావు లెడర్లీ పక్షమున హాజరయ్యెను. అసలు చిక్కు ఇందే కలదు. పాలలో వెన్న యున్నను చిలుకక చేతికి రాదు. అట్లే బూజు పెరిగిన నీటిలో మందున్నను, అది మిగుల స్వల్పము. చుట్టును మలినములు అనేకము. మన యిండ్లలో గుంటగలగరాకును నూనెలో కాచినపుడు ఆకునందలి రంగు నూనెలోనికి దిగును. ఇట్లే మందును తనలోనికి లాగికొను ద్రవమునకు ద్రావణి యని పేరు.

ద్రావణిని ఎన్నుకొనుట ఊహతో జరుగు పని కాదు. అది నీటితో కలిసిపోక వేరుపొరగా నిలువవలెను. నీటికంటె తానే మందును ఎక్కువగా గ్రహించి, మలినములను విడువవలెను. మందును చెరుపరాదు. సులభముగా మండిపోరాదు. కాచి ఆవిరిచేసి, చల్లార్చి, తిరిగి వాడుకొనుటకు వీలుగా నుండవలెను. వెలయు తక్కువగా నుండవలెను. ఇన్ని గుణములు ఒక్కదానిలో దొరకుట అరుదు. ఈథరు పెన్సిలినును చక్కగా గ్రహించును, కాని నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును. అందుచేత అరటిపండు వాసనగల ఎమైల్ ఎసిటేటును, తరువాత బ్యుటైల్ ఎసిటేటును వాడుకలోనికి వచ్చెను. మొదట ద్రవమును చల్లబరచి ఆమ్లము కలుపుదురు. అపుడు పెన్సిలిను ద్రావణిలోనికి పోవును. అయితే ఆమ్లమున అది త్వరగా చెడును గనుక, క్షణములలో వేరుచేసి, ఆమ్లముగాని క్షారముగాని హెచ్చుగా లేని నీటిలోనికి మరల రప్పింపవలెను. ఇట్లు ఇటునటు దాటించునపుడెల్ల కొంత మలినము వెనుకబడును.

ఒక మందునకు తగిన పద్ధతి మరియొకదానికి తగదు. స్ట్రెప్టోమైసిను నీటిని వీడి ఇట్టి ద్రావణులలోనికి రానే రాదు. దానిని బొగ్గుపొడివంటి పదార్థములపై పట్టి వేరుచేయవలసి వచ్చెను. లెడర్లీలో డుగ్గారు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమునందలి మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి బంగారు వన్నెగల మందును కనుగొనెను. అదే ఆరియోమైసిను. సుబ్బారావు పరిశోధనాధిపతిగా నుండగా ఈ కృషి జరిగెను. ఈ మందు స్వభావము పెన్సిలినునకు విరుద్ధము: ఆమ్లమున నిలుచును, క్షారమున చెడును. దానిని బ్యుటనాలువంటి ద్రావణిలోనికి రాబట్టవచ్చును. కాని బ్యుటనాలు కొంత నీటిలో కలిసిపోవును గనుక, ఆ నష్టమునుగూడ చూచుకొనవలెను. ఇట్లు ప్రతి మందును దాని స్వభావమెరిగి పిలిచిననే పలుకును. పెక్కు జాతుల రోగకారక క్రిములపై పనిచేయు ఆరియోమైసిను, టెట్రాసైక్లిను కుటుంబమున మొదటిది. దానిని 1948లో లోకమునకు ప్రకటించిరి.

ఆయన బృందము కృషివలననే బోదకాలు వ్యాధికి హెట్రాజాను అను మందు వెలువడెను. గోదావరి మండలమున ఎందరో ఈ వ్యాధితో బాధపడినవారే. రక్తపు క్యాన్సరుతో బాధపడు బిడ్డలకు కొంత ఊరట కలిగించిన ఎమినాప్టెరినును ఆ ప్రయోగశాలలలోనే తయారయ్యెను.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే హఠాత్తుగా మరణించెను. అప్పటికి ఆయన వయసు ఏబదిమూడేండ్లు. ఆయన కీర్తిని కోరలేదు. తన పేరు ముందుంచుకొనక, కలిసి పనిచేసినవారిని ముందు నిలిపెను. అందుచేత లోకము ఆయనను చాలకాలము గుర్తింపలేదు. 1995లో భారత ప్రభుత్వము ఆయన శతజయంతి సందర్భమున తపాలాబిళ్ల వెలువరించెను.

మట్టిలోను, బూజులోను, కాలేయములోను దాగియున్న మందు గొప్పదే. కాని దానిని ఓర్పుతో వెలికితీయు చేయి లేనిచో అది యెవరికి ఉపయోగపడును? సుబ్బారావు జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.