మోక్షగుండంవారి మూడు పనులు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచెత్తెను. వంతెనలు కొట్టుకొనిపోయినవి. వేలాది గృహములు నేలమట్టమైనవి. మృతులు సుమారు 15,000 మందియని అంచనా. ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ప్రభుత్వము సమర్థుడైన ఇంజనీరుకై వెదకెను.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అప్పటికి బొంబాయి ప్రభుత్వపు కొలువు చాలించి ఐరోపాలో పర్యటించుచుండిరి. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు తరలిన తెలుగువారు. నిజాము ప్రభుత్వపు పిలుపు ఆ యాత్రలోనే అందెను. వారు యాత్రను విడిచి పరుగెత్తలేదు, పనిని కాదనలేదు. పర్యటన ముగించుకొని వత్తునని తెలిపిరి. ప్రభుత్వము వేచియుండుటకు అంగీకరించెను.

1909 ఏప్రిల్‌లో వారు హైదరాబాదు చేరిరి. అప్పగింపబడినవి మూడు పనులు: నగర పునర్నిర్మాణమునకు సలహా, వరదలనుండి రక్షణ, మురుగునీటి పారుదల పథకము. మూడును తొందరవే. వర్షాకాలమునకు రెండు మాసములే గడువు. అయినను నది మరల పొంగినచో కట్టిన వీధియు నిలువదు, త్రవ్విన కాలువయు నిలువదు. కావున ముందుగా తేలవలసినది వరద సంగతి.

వారు ఊహతో గాక లెక్కతో ఆరంభించిరి. ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినట్లు తేలెను. ఒకదాని నీరు వేరొకదానిపై బడి ఉపద్రవమును పెంచెను. నగరమునకు ఎగువన మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని వారు నిర్ణయించిరి. 1909 అక్టోబరు 1వ తేదీన నివేదిక సమర్పించిరి. వరద వచ్చి ఏడాదిపై మూడు దినములే గడచియుండెను.

ఇంతలో మైసూరు ప్రభుత్వము పిలిచెను. ఆ నవంబరులోనే వారు అచట చీఫ్ ఇంజనీరైరి, 1912లో దివానైరి. వారు దూరమైనను పని ఆగలేదు. ఇతరుల చేతులమీదుగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. పరులు చదివి కట్టగలుగునట్లు వ్రాసియిచ్చుటయే అందులకు కారణము. మురుగు పారుదల సంగతియు వారు మరువలేదు. దివాను పదవి వీడిన పిదప 1922లో హైదరాబాదుకు మరల వచ్చి దానిని చేపట్టిరి.

1955లో భారతరత్న బిరుదమంది, 1962లో నూరేండ్లు దాటిన వయస్సున వారు కన్నుమూసిరి. నేడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ సౌధములలో ఉదయము చెప్పిన పని సాయంకాలమునకు మారుచుండును. ఆ సౌధములకు పడమట గండిపేట నీరు నిలిచియున్నది. వెనుకకు నెట్టిన పని వేరు, విడిచిన పని వేరు అనుటకు విశ్వేశ్వరయ్యగారి జీవితమే సాక్ష్యము.