మన్రోదొర వ్రాయించిన బడిపిల్లల లెక్క

మన్రోదొర పేరు మన ప్రాంతమువారు ఎరుగనిది కాదు. తిరుమలలో ఆయన పేర ఒక గంగాళము ప్రసిద్ధమై యున్నది. సంఘమును గూర్చిన సత్యము నెట్లు విచారింపవలెనో ఆయన చరిత్రవలన నేర్చుకొనవచ్చును గావున, దానిని విద్యార్థులకు తెలుప నెంచితిమి.

తామస్ మన్రో 1761వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో కుంపినీ సైన్యమున చేరి మద్రాసునకు వచ్చెను. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నుండెను. 1911లో చిత్తూరు జిల్లాలో చేర్చబడిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు నాడు ఆ మండలములలోనివే. ఆయన గుడారములలో బసచేయుచు, ఊరూర తిరిగి రైతులతో మాటలాడి, పొలములను కొలిపించెను.

1820లో ఆయన మద్రాసు గవర్నరాయెను. 1822లో కలెక్టరు లందరిని ఒకే నమూనా పట్టికలో బడుల లెక్క వ్రాసి పంపుమనెను. సర్కారువారు అడిగినచో జనులు భయపడుదురు. భయపడినవారు ఉన్నది దాచుదురు. బడుల నడకలో ఎంతమాత్రము జోక్యము కలుగజేసికొనరాదని ఆయన ఆ ఉత్తరువులోనే స్పష్టపరచెను.

1826 నాటికి లెక్క తేలెను. 1,28,50,941 మంది జనులకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు; అనగా సుమారు 68 మందిలో ఒక్కరు. చదువు బహు స్వల్పమని తీర్పు చెప్పుట సులభమే. కాని వృద్ధులను, పసివారిని ఆ లెక్కలో చేర్చుట న్యాయమా? అయిదు మొదలు పది సంవత్సరముల బాలురు సుమారు 7,13,000 మంది యుందురని మన్రో అంచనా వేసెను. బడులలోని బాలురు 1,84,110 మంది. అనగా నలుగురిలో ఒకరు. ఇండ్లలో చదువుకొనువారిని గూడ చేర్చినచో మూడవవంతునకు సమీపించునని తలంచెను. అయినను మద్రాసు పట్టణమునుండి వచ్చిన ఇంటిచదువుల సంఖ్య మిక్కిలి హెచ్చుగా తోచగా, దానిని సంపూర్ణముగా నమ్మలేదు.

ఆ లెక్కలో బాలికలు 4,540 మంది మాత్రమే. పెద్ద సంఖ్యల నడుమ ఈ చిన్న సంఖ్యను చూచినప్పుడు మా మనస్సు కలతపడుచున్నది.

చదువు తగ్గుటకు జనుల పేదరికమును, సర్కారు ప్రోత్సాహము లేమియు కారణములని మన్రో గ్రహించెను. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పాఠశాలను మద్రాసున, ఇతర పాఠశాలలను జిల్లాలలోను తాలూకాలలోను నెలకొల్ప సంకల్పించెను. కాని 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను.

విద్యార్థులారా! ఎవరైన మీకొక లెక్క చూపినప్పుడు, అడిగినవారెవరో, చెప్పినవారెవరో, అందు చేరక మిగిలినవారెవరో విచారింపుడు. మిగిలినవారిని వెదకి బడికి తెచ్చుట మనందరి విధి.