ఇమామ్ గజాలీ (రహ్మలై) ఏకాంతం

నలుగురిలో కలవక ఒంటరిగా కూర్చునేవారిని మన గుడిబండ వంటి ఊళ్ళలో గర్విష్ఠులని అనుకుంటాం. ఇమామ్ గజాలీ (రహ్మలై) జీవితాన్ని గుర్తుచేసుకుందాం. ఆయన బాగ్దాద్ నిజామియా మదర్సాలో ప్రధానాచార్యులు. శిష్యులు సుమారు 300 మంది. తన బోధన అల్లాహ్ కోసమా, పేరు కోసమా అన్న ప్రశ్న ఆయన్ను కుదిపివేసింది. మాట పెగలలేదు, ముద్ద దిగలేదు. 1095లో పదవి వదలి, ఇంటివారికి చాలినంత ఉంచి, మిగతా సంపద పంచి, డమాస్కస్ జామె మసీదు మినారులో తలుపులు మూసుకుని ఆరాధనలో గడిపారు. తర్వాత బిడ్డల పిలుపుతో ఇల్లు చేరారు. 1106లో నీషాపూర్‌లో తిరిగి బోధన చేపట్టారు. ఇహ్యా ఉలూముద్దీన్‌లో ఏకాంతం వల్ల కలిగే మేలును, కీడును రెండింటినీ వివరించారు.

కనుక ఏకాంతాన్ని ఇష్టపడే బిడ్డను మనం నిందించవద్దు. జుమా నమాజు, తల్లిదండ్రుల హక్కులు, బంధుత్వం వదలకుండా చూస్తే చాలు.