ఆటల కప్పుతో బలిపూజ: యారోస్లావ్ హషెక్

హషెక్ 1883లో ప్రాగ్‌లో పుట్టాడు. లెక్కల మాస్టారైన తండ్రి చిన్నప్పుడే పోయారు. మందుల కొట్టు, బ్యాంకు, జంతువుల పత్రిక, ఎక్కడా నిలవలేదు. పత్రికలో అయితే లోకంలో లేని జంతువులను కల్పించి రాశాడు.

ప్రాగ్ అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ఇంట్లో చెక్, సైన్యంలో ఆజ్ఞలు జర్మన్‌లో. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఇంకో భాషగా బతికే మనకు ఆ ఇబ్బంది వేరే చెప్పనక్కర్లేదు. 1915లో 91వ రెజిమెంటులో చేరి, అదే ఏడు రష్యన్లకు చిక్కాడు. తర్వాత ఎర్ర సైన్యంలో పనిచేసి 1920 చివర్లో ఇల్లు చేరాడు.

1921లో మొదలుపెట్టిన 'ష్వేక్' నవలలో మాకు మరీ గుర్తుండేది సైన్యపు ఫాదర్ కాట్స్. యూదుడిగా పుట్టి మతం మారినవాడు, తాగుబోతు. జైల్లో ఆయన ప్రసంగం విని ష్వేక్ ఒక్కడే ఏడుస్తాడు. పశ్చాత్తాపపడేవాడు ఒక్కడైనా ఉండాలి కదా అని ఏడ్చాడట! ఫాదర్ అతన్ని పనిలో పెట్టుకుంటాడు. సైనికుల బలిపూజకు పాత్ర లేక ఆటల పోటీలో గెలిచిన కప్పు వాడతారు. చివరికి ఫాదర్ ష్వేక్‌ను పేకాటలో ఓడిపోతాడు (ధర్మరాజు గుర్తొస్తే తప్పు మాది కాదు). ఇది దైవదూషణ అనిపించవచ్చు. చావుకు పంపేవాళ్లను జీతం తీసుకుని దీవించే కొలువు మీదే అతని కోపమని మా అభిప్రాయం.

జబ్బుపడి, లిప్నిత్సె ఊళ్లో మంచం మీదనుంచే చెప్పి రాయించాడు. 1923 జనవరి 3న, నలభై నిండకుండానే పోయాడు. నాలుగో భాగం మధ్యలో ఆగింది. ష్వేక్ ఇంకా పోరు జరిగే చోటికి చేరనేలేదు.