విస్తృత పఠనమే పునాదిగా ఎదిగిన సాహితీమూర్తి బోయి భీమన్న

ఆధునిక తెలుగు సాహిత్యంలో దళిత జీవితానికి సముచిత స్థానం కల్పించిన తొలితరం రచయితలలో పద్మభూషణ్ డాక్టర్ బోయి భీమన్న అగ్రగణ్యులు. కవిగా, నాటకకర్తగా, పత్రికా రచయితగా, ప్రభుత్వాధికారిగా, శాసనమండలి సభ్యునిగా ఆయన చేసిన సేవలు సుపరిచితం. ఈ బహుముఖ కృషికి ఆధారమైనది ఆయన విస్తృత పఠనం. చదువు అందరి హక్కు కాని కాలంలో పుట్టి, ఇతిహాస పురాణాల నుంచి అంబేద్కర్ ఆలోచనల వరకు అధ్యయనం చేసి, ఆ విజ్ఞానాన్ని తనవారి ఆత్మగౌరవానికి వినియోగించిన జీవితం ఆయనది.

భీమన్న 1911 సెప్టెంబరు 19న అప్పటి గోదావరి జిల్లా రాజోలు ప్రాంతంలోని మామిడికుదురు గ్రామంలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. ఈ గ్రామం ప్రస్తుతం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో మండల కేంద్రం. గోదావరి పాయల నడుమ వరిచేలతో, కొబ్బరితోటలతో కళకళలాడే కోనసీమలో ఆ పంటను పండించే చేతులకు మాత్రం పలక, బలపం అందుబాటులో ఉండేవి కావు. కూలీల పిల్లలు ఊహ తెలియగానే పశువుల కాపరులుగా, ఆపై పాలేర్లుగా మోతుబరుల ఇళ్లలో కుదురుకోవడం ఆనవాయితీ. ఏడాది పొడవునా చేసిన చాకిరీకి ధాన్యం రూపంలో లభించే జీతం పాత అప్పులకే సరిపోయేది.

విద్యాభ్యాసం

ఆంధ్రదేశంలో చైతన్యం వెల్లివిరుస్తున్న రోజులవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత ఎన్నో గ్రామాలలో పఠన మందిరాలు వెలిశాయి. 1917లో బెజవాడలోనే భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ దళితులను ఆది ఆంధ్రులుగా ప్రకటించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అధికారికంగా గుర్తించింది. అయినప్పటికీ అంటరానితనం కారణంగా బడిలోనూ, బావి వద్దనూ దళిత బాలలు దూరంగా నిలబడవలసిన పరిస్థితి చాలాచోట్ల కొనసాగింది. అటువంటి వాతావరణంలో భీమన్న పాఠశాల విద్య పూర్తిచేసి, నదీపాయలు దాటి కాకినాడ చేరి, పిఠాపురం రాజావారి కళాశాలలో బి.ఎ. చదివారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ దళిత విద్యార్థుల చదువుకు, వసతికి అందించిన ప్రోత్సాహం ఆ తరానికి ఎంతో ఆసరాగా నిలిచింది. అనంతరం భీమన్న రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు.

పఠనం నుంచి రచనకు

భీమన్న ఏమేమి చదివారో ఆయన రచనలే చెబుతాయి. ప్రాచీన సాహిత్యాన్ని ఆయన భక్తితో మాత్రమే చదివి ఊరుకోలేదు. ప్రశ్నించే దృష్టితో పరిశీలించారు. మహాభారతం అరణ్యపర్వంలో మాంసం అమ్ముకుని జీవించే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణునికి ధర్మబోధ చేస్తాడు. ఆ కథను భీమన్న 'ధర్మవ్యాధుడు' నాటకంగా మలిచారు. మత్స్యగంధి కుమారుడైన వ్యాసుడు, బోయవాడుగా ప్రసిద్ధుడైన వాల్మీకి సృష్టించిన వాఙ్మయం దళితులకు పరాయిది కాదని, అందులో తమకు వారసత్వపు హక్కు ఉందని ఆయన వాదించారు. ఈ దృక్పథంతో తరువాతి తరం దళిత రచయితలలో కొందరు విభేదించారు. అయితే, దళితులకు నిషేధించిన గ్రంథాలను చదివి వాటిపై సాధికారంగా మాట్లాడటమే ఒక సామాజిక తిరుగుబాటు అన్నది కాదనలేని సత్యం.

పద్యం, గేయం, నాటకం, లేఖా సాహిత్యం, వ్యంగ్యం వంటి ప్రక్రియలన్నిటిలో ఆయన కలం సాగింది. 'జానపదుని జాబులు' పల్లె జీవితాన్ని లేఖల రూపంలో చిత్రించింది. 'రాగవైశాఖి' ఆయన భావుకతకు, 'పిల్లీశతకం' చమత్కార ధోరణికి నిదర్శనాలు. అంబేద్కర్ ఆలోచనల ప్రభావంతో 'అంబేద్కర సుప్రభాతం' వెలువరించారు.

పల్లెలను కదిలించిన 'పాలేరు'

స్వాతంత్ర్యానికి పూర్వమే భీమన్న రచించిన 'పాలేరు' నాటకం తెలుగు నాటకరంగ చరిత్రలో ఒక మైలురాయి. పాలేరుగా బతుకు వెళ్లదీస్తున్న యువకుడు చదువుకుని ప్రభుత్వాధికారిగా ఎదగడం ఇందులోని ఇతివృత్తం. పుస్తకం కొనలేని, కొన్నా చదవలేని వేలాది ప్రజలకు ఈ నాటకం ప్రదర్శనల ద్వారా చేరింది. తమ పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపేందుకు అనేక కుటుంబాలకు ఇది ప్రేరణ కలిగించింది. చదువు వల్ల తన జీవితంలో వచ్చిన మార్పును భీమన్న ఈ నాటకం ద్వారా చదువురాని వారికి సైతం అందించగలిగారు.

ప్రభుత్వ సేవ, పురస్కారాలు

ఉపాధ్యాయునిగా, పాత్రికేయునిగా పనిచేసిన భీమన్న అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అనువాద విభాగంలో సంచాలకుల బాధ్యతలు నిర్వహించారు. చట్టాలను, పాలనాపరమైన అంశాలను ప్రజల భాషలోకి తేవలసిన ఆ పదవికి రెండు భాషలపై పట్టుతో పాటు పలు శాస్త్రాలతో పరిచయం అవసరం. ఇంతటి విస్తృత పఠనం గల రచయితకు ఆ బాధ్యత ఎంతో తగినది.

పేదల గుడిసెలు తగలబడే దారుణాన్ని ఇతివృత్తంగా స్వీకరించిన 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. భారత ప్రభుత్వం 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ పురస్కారాలతో ఆయనను గౌరవించింది. 1978 నుంచి 1984 వరకు ఆయన రాష్ట్ర శాసనమండలి సభ్యులుగా ఉన్నారు. 2005 డిసెంబరు 16న తుదిశ్వాస విడిచారు.

బోయి భీమన్న జీవితం ఒక వ్యక్తి విజయగాథ మాత్రమే కాదు. కళాశాల తలుపులు తెరుచుకున్నందువల్ల, వసతి, ప్రోత్సాహం దొరికినందువల్ల ఒక కూలీ కుటుంబంలోని బాలుడు తెలుగు జాతి గర్వించదగిన రచయిత కాగలిగాడు. ఆ అవకాశం దక్కక పాలేర్లుగానే మిగిలిపోయిన ఆయన ఈడు పిల్లల ప్రతిభ వెలుగు చూడలేదు. బడులను, వసతి గృహాలను, గ్రామీణ గ్రంథాలయాలను పేద విద్యార్థులకు చేరువ చేయడమే ఆ మహనీయునికి అర్పించే నిజమైన నివాళి.