పేదవాడలో పుట్టిన మాంటిస్సోరి బడి

మాంటిస్సోరి అనగానే మనకు గుర్తొచ్చేది రంగుల గోడలు, వేలల్లో ఫీజులు. నిజానికి అది ఒక డాక్టరమ్మ పేరు. ఆమె పెట్టిన మొదటి బడిలో పిల్లల తల్లిదండ్రులు ఒక్క పైసా ఫీజు కట్టలేదు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో పుట్టారు. ఆ రోజుల్లో అమ్మాయి డాక్టరు చదవడమే వింత. అనాటమీ క్లాసులో మగ విద్యార్థుల పక్కన నిలబడి డిసెక్షన్ చేయనివ్వలేదు. అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా చేసుకునేవారు. అలాగే చదివి 1896లో రోమ్‌లో పట్టా అందుకున్నారు.

ఉద్యోగరీత్యా మానసిక చికిత్సాలయాలకు వెళ్లినప్పుడు, బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలను ఖాళీ గదుల్లో ఉంచడం చూశారు. ఆడుకోవడానికి వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. వీళ్లకు మందుల కంటే చేతికి పని, కంటికి వస్తువు అవసరమని ఆమెకు అనిపించింది. ఆ పద్ధతిలో నేర్పితే కొందరు మామూలు బడిపిల్లల పరీక్షలే పాసయ్యారు. అందరూ ఆమెను పొగిడారు. ఆమెను మాత్రం వేరే ప్రశ్న తొలిచింది. మరి ఏ లోపమూ లేని పిల్లలు బడుల్లో ఇంతకంటే ఎందుకు ఎదగడం లేదు?

జవాబు రోమ్‌లోని శాన్ లోరెంజో పేదవాడలో దొరికింది. తల్లిదండ్రులు కూలికి పోతే పసివాళ్లు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేసేవారు. భవనాల యాజమాన్య సంస్థ వారి కోసం ఒక గది ఇచ్చింది. 1907 జనవరి 6న అక్కడ 'పిల్లల ఇల్లు' మొదలైంది. పిల్లల ఎత్తుకు సరిపడే బల్లలు, కుర్చీలు చేయించారు. చేతులు కడుక్కోవడం, ముక్కు తుడుచుకోవడం, వడ్డించుకోవడం పాఠాలయ్యాయి. ఎత్తు, బరువు రాసిపెట్టేవారు. కొన్ని నెలల్లోనే బెదురుచూపుల పిల్లలు కుదురుగా పని చేసుకోసాగారు. నాలుగైదేళ్లకే కొందరు రాయడం, చదవడం మొదలుపెట్టారు.

1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చారు. అంతలో యుద్ధంలోకి ఇటలీ దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం కొడుకు మారియోను నిర్బంధించింది. ఆమె 70వ పుట్టినరోజున విడిచిపెట్టింది. 1946 దాకా ఇక్కడే ఉండి వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

ఆ పద్ధతిని పల్లె పిల్లలకు తగ్గట్టు మలిచినవారిలో తారాబాయి మోదక్ ముఖ్యులు. మహారాష్ట్ర గిరిజన పిల్లలు బడికి రాలేకపోతే బడినే వారి వాకిళ్లకు తీసుకెళ్లారు. 1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ ప్రారంభించి, అంగన్‌వాడీల్లో తిండి, టీకాలు, ఆటపాటల చదువు ఒకేచోట చేర్చింది.

దీనివల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమిటి? ఐదేళ్లు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 90 శాతానికి చేరుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1970ల్లో పేదపిల్లలకు పసితనం నుంచి ఐదేళ్ల దాకా మంచి సంరక్షణ, ఆహారం, ఆటలతో చదువు ఇచ్చి, దశాబ్దాల తర్వాత పరీక్షించారు. ముప్పైల్లోకి వచ్చిన ఆ మగవాళ్లలో, ఈ అవకాశం లేనివారి కంటే రక్తపోటు తక్కువగా ఉంది. అయితే ఈ ఫలితం పేరుకు తెరిచిన గదులతో రాదు. తగినంతమంది శిక్షణ పొందిన టీచర్లు, మంచి తిండి, ఆడుకునే చోటు ఉండాలి.

మూడేళ్లు దాటినా మాటలు రాని పిల్లలు, రక్తం తక్కువైన పిల్లలు మా ఓపీకి ఆలస్యంగా వస్తుంటారు. నెలనెలా బరువు తూచి, రోజూ మాట్లాడించే మనిషి ఉంటే చాలా లోపాలు ముందే బయటపడతాయి. మీ వీధి అంగన్‌వాడీకి ఒకసారి వెళ్లి చూడండి. బాగుంటే మీ ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డను చేర్పించండి, వీలైతే మీ బిడ్డనూ పంపండి. బాగోకపోతే అధికారులను అడగండి. మాంటిస్సోరి బడి మొదట పుట్టింది ఆ బిడ్డ కోసమే.